బరువైనదానికే చక్రాలు: మేస్త్రీలు వద్దనే పది సలహాలు

కొత్తగా వడ్రంగం షెడ్డు పెట్టుకునేవాళ్లకు మన దగ్గర ముందుగా అందే సలహా ఒకటుంది. మిషన్‌ను ఒక మూల నిలబెట్టు, లెవెలు చూడు, నేలలో బోల్టులు దించి బిగించు, ఇక దాని జోలికి పోకు. బరువైన వస్తువు కదలకూడదన్నది ఆ సలహాకు మూలం. చేయి తిరిగిన మేస్త్రీలు చెప్పే మాట కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెబుతాను. చిన్న షెడ్డులో ఏ మిషన్‌కూ శాశ్వత స్థానం ఇవ్వకూడదు. ఏది ఎక్కువ బరువుంటే దానికే ముందుగా చక్రాలు కట్టాలి. తేలికైనదాన్ని ఎలాగూ ఇద్దరు పట్టి పక్కన పెట్టగలరు. చక్రాలు లేక నడుములు విరిగేది బరువైనదాని దగ్గరే.

లెక్క చూడండి. పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు ఉన్న షట్టరు మడిగె ఒకటి అద్దెకు తీసుకున్నారనుకుందాం. అందులో టేబుల్ సా నిలబడే చోటు మహా అయితే పది పన్నెండు చదరపు అడుగులు. కానీ 8 అడుగుల ప్లైవుడ్ షీటును నిలువునా కోయాలంటే బ్లేడుకు ముందు 8 అడుగులు, వెనక 8 అడుగులు ఖాళీ ఉండాలి. మడిగె పొడవంతా దానికే సరిపోయింది. ఇక ప్లేనర్ సంగతి. 7 అడుగుల దర్వాజా నిలువు చెక్కను చిత్రిక పట్టాలంటే అటు ఏడు, ఇటు ఏడు, మొత్తం 14 అడుగులు. రెండు మిషన్లకూ చెరో బాట ఇవ్వాలంటే ఇంకో మడిగె అద్దెకు తీసుకోవాలి. అయితే ఒంటరిగా పనిచేసే మనిషి ఒకసారికి ఒక మిషన్ మీదే పనిచేస్తాడు. ఖాళీ బాట ఒక్కటి చాలు, మిషన్లే వంతులవారీగా దాని మీదికి రావాలి. మీరు నెలనెలా అద్దె కట్టేది నేలకు. ఆ నేల పని కోసం ఉంది, మిషన్‌ను నిలబెట్టడానికి కాదు.

కింది సలహాల్లో చాలావాటిని వినగానే తలకిందులుగా ఉన్నాయనిపిస్తుంది. ప్రతిదాని వెనకా ఒక కారణం, వీలైనచోట ఒక లెక్క ఉన్నాయి. మీ షెడ్డు కొలతలతో మీరే వేసి చూసుకోండి.

1. మిషన్ కంటే ముందు చక్రాల బేస్ చేయించండి

అందరూ మిషన్ కొంటారు, దించుతారు, నాలుగు నెలలు అవస్థ పడతారు, అప్పుడు చక్రాల గురించి ఆలోచిస్తారు. అప్పటికి దాన్ని ఎత్తడానికి మళ్లీ నలుగురు మనుషులు, గునపాలు, పైపు ముక్కలు కావాలి. మిషన్ గాల్లోకి లేచే సందర్భం దాని జీవితంలో ఒకటే ఖాయంగా వస్తుంది. అది బండి మీంచి దిగే రోజు. చైన్ పుల్లీకి వేలాడుతున్నదాన్ని నేల మీదికి దించే బదులు బేస్ మీదికి దించితే సగం కష్టం అక్కడే తీరిపోతుంది.

అందుకని కొనే ముందే అమ్మేవాళ్ల దగ్గర అడుగు భాగం పొడవు, వెడల్పు, బోల్టు రంధ్రాల దూరాలు కొలుచుకోండి. బరువు నేమ్ ప్లేటు మీద ఉంటే మంచిదే. సెకండ్ హ్యాండ్ బీడు ఇనుప మిషన్ల మీద చాలాసార్లు ఆ ప్లేటే ఉండదు. అప్పుడు వస్తున్న దారిలో లారీ కాటా మీద బండిని ఆపండి. మిషన్‌తో ఒకసారి, ఖాళీ బండితో ఒకసారి తూకం వేస్తే తేడా తెలిసిపోతుంది. తూకం ముందే తెలియకపోతే అంచనా మీద కాస్త ఎక్కువ వేసుకునే చక్రాలు కొనండి.

బేస్‌కు 50×50×6 మిల్లీమీటర్ల ఇనుప యాంగిల్ చాలు. అది మీటరుకు నాలుగున్నర కిలోలు తూగుతుంది. 600×800 కొలత ఫ్రేముకు 2.8 మీటర్లు, అంటే పన్నెండు పదమూడు కిలోల ఇనుము. మీ వీధి చివర వెల్డింగ్ షాపులో ఒక పూట పని. యాంగిల్ లోపలి మూల పైకి చూసేలా పెట్టి అతికించమనండి. మిషన్ పాదం అందులో కూర్చుంటుంది, పక్కకు జారదు.

2. మిషన్ కంటే నేల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి

చక్రాలు సరిగా దొర్లకపోతే అందరూ చక్రాలను తిడతారు. తప్పు చాలావరకు నేలది. మన షెడ్లలో షాబాదు బండలో, బేతంచర్ల బండలో, కడప బండలో పరుస్తారు. బండకూ బండకూ మధ్య సందు ఉంటుంది, ఒకటి కాస్త ఎత్తు, ఒకటి కాస్త పల్లం. నడిచేవాడికి తెలియని ఆ తేడా చక్రానికి గోడ అవుతుంది.

ఎంత గోడో చూడండి. 6 మిల్లీమీటర్ల మెట్టు ఎక్కడానికి 50 మిల్లీమీటర్ల చక్రాన్ని, అది మోస్తున్న బరువులో దాదాపు 85 శాతం బలంతో అడ్డంగా తోయాలి. 100 మిల్లీమీటర్ల చక్రానికైతే 54 శాతం చాలు. అదే చదునైన గట్టి నేల మీద బరువులో రెండు మూడు శాతంతో పని జరిగిపోతుంది. రెండు వందల యాభై కిలోల మిషన్‌ను సాపు గచ్చు మీద ఒక మనిషి సునాయాసంగా తోస్తాడు. ఆరు మిల్లీమీటర్ల అంచు దగ్గర అదే మనిషి ఆగిపోతాడు.

మిషన్ తిరిగే బాటలోని సందులన్నీ గ్రౌటుతో నింపించండి. ఎత్తుగా లేచిన అంచులు గ్రైండర్‌తో అరగదీయించండి. షట్టరు గడప దాటించాల్సి వస్తే, అక్కడికి సరిపోయేలా ఒక ఇనుప ప్లేటును వాలుగా పెట్టుకోండి. చేతిలో కొత్త బ్లేడు కొనుక్కునే డబ్బులుండి, నేల సందులు అలాగే ఉంటే, ముందు నేలకే ఖర్చు పెట్టండి. ఇక చక్రం మాత్రం 100 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

3. బరువైన మిషన్‌కు ఇంకా బరువు కట్టండి

కదిలించాలనుకుంటున్నదానికి ఇంకా బరువు పెట్టడమేమిటని వడ్రంగులందరూ అడుగుతారు. ఎత్తుగా, సన్నగా ఉండే బ్యాండ్ సా, పిల్లర్ డ్రిల్ లాంటివాటికి ఈ సలహా ప్రాణంతో సమానం. వాటి బరువంతా పైన ఉంటుంది. చక్రం సందులో ఇరుక్కుని హఠాత్తుగా ఆగితే, పైన చేతులు పెట్టి తోస్తున్న మనిషి దాన్ని తన మీదికో అవతలికో పడేస్తాడు.

120 కిలోల బ్యాండ్ సా, చక్రాల మధ్య వెడల్పు 500 మిల్లీమీటర్లు అనుకుందాం. చక్రం ఆగిపోయిన క్షణాన 1.2 మీటర్ల ఎత్తులో పక్కకు 25 కిలోల బలం చాలు, మిషన్ ఒరిగిపోవడం మొదలవుతుంది. 25 కిలోలంటే ఒక కుర్రాడు ఆనుకుంటే వచ్చే బలం. ఇప్పుడు బేస్ మీద, నేలకు దగ్గరగా, 40 కిలోల ఇసుక సంచులో ఇనుప ముక్కలో బిగించండి. అదే 33 కిలోలు అవుతుంది. చక్రాల మధ్య వెడల్పును 700కు పెంచండి. 46 కిలోలు దాటుతుంది. రెండూ కలిపితే మిషన్ దాదాపు రెండింతలు భద్రం. పెరిగిన బరువు వల్ల తోయడానికి అదనంగా పడే బలం కిలో, కిలోన్నర.

తోసే ఎత్తు కూడా ఇంతే ముఖ్యం. అసలు మార్పులేవీ చేయని అదే మిషన్‌ను 30 సెంటీమీటర్ల ఎత్తులో తోస్తే, ఒరగడానికి వంద కిలోల బలం కావాలి. అందుకే చేతిపట్టును టేబుల్ ఎత్తులో కాకుండా బేస్‌కు, మోకాలి కంటే కిందే అతికించండి. వంగి తోయడం కొంచెం కష్టమే, ఆ కష్టం పడండి. పిల్లర్ డ్రిల్‌ను కదిలించే ముందు టేబుల్‌ను పూర్తిగా కిందికి దించండి. దాని మీద బిగించిన వైస్‌ను తీసి పక్కన పెట్టండి.

4. చక్రాలను మిషన్ కింద పెట్టకండి

100 మిల్లీమీటర్ల చక్రం, దాని పట్టీ కలిపితే ఎత్తు దాదాపు 130 మిల్లీమీటర్లు. మిషన్ కింద నాలుగు మూలలా అవి పెడితే టేబుల్ అంత మేరా పైకి లేస్తుంది. 850 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్న టేబుల్ 980కి చేరితే ప్లైవుడ్ షీటు ఎత్తి వేయడం, బ్లేడు వైపు నొక్కి తోయడం రెండూ కష్టమే. భుజాలు లేస్తాయి, చేతుల్లో పట్టు సడలుతుంది. తిరుగుతున్న బ్లేడు ముందు పట్టు సడలడం కంటే ప్రమాదం లేదు.

కాబట్టి ఫ్రేము కిందే ఉండాలి, నేలకు వేలెడు ఎత్తులో. చక్రాలు ఫ్రేముకు బయట, పక్కలకు రావాలి. ఫ్రేము మూలల నుంచి చదరపు పైపు ముక్కలు పైకి లేపి, వాటి మీద ప్లేటు అతికించి, ఆ ప్లేటుకు చక్రం బిగిస్తారు. ఇలా చేస్తే మిషన్ ఒక అంగుళం లోపే లేస్తుంది. చక్రాలు బయటికి రావడం వల్ల మూడో సలహాలో చెప్పిన వెడల్పు కూడా దానంతటదే వస్తుంది. చోటు ఎక్కువ తింటుందని అంటారు. కదిలే వస్తువు ఎంత చోటు తిన్నా నష్టం లేదు, పని అయ్యాక గోడకు చేరుతుంది కదా.

బయటికి వచ్చిన చక్రం కాలికి తగులుతుందన్నది న్యాయమైన అభ్యంతరమే. మనిషి నిలబడి పనిచేసే వైపు చక్రాలు రాకుండా, అటూ ఇటూ పక్కలకు వచ్చేలా బేస్ గీయించుకోండి. పసుపు పెయింటు వేయండి.

5. నాలుగు చక్రాలుంటే మూడే ఉన్నాయని లెక్కేయండి

దుకాణంలో చక్రం మీద 75 కిలోలు అని రాసి ఉంటుంది. నాలుగు తీసుకుంటే మూడు వందల కిలోలు మోస్తాయని లెక్కేసుకుంటాం. ఏ నేలా అంత చదునుగా ఉండదు. ఏ క్షణంలో చూసినా బరువు ప్రధానంగా మూడు చక్రాల మీదే ఉంటుంది, నాలుగోది గాలిలోనో, పేరుకు ఆనుకునో ఉంటుంది. క్యాస్టర్లు ఎంచుకునేటప్పుడు మొత్తం బరువును మూడుతో భాగించాలన్న వాడుక నియమం వచ్చింది ఇందుకే.

మిషన్ 250 కిలోలు, బేస్ 30 కిలోలు, టేబుల్ మీద మరిచిపోయి వదిలేసిన చెక్క, వైస్, పనిముట్లు 50 కిలోలు. మొత్తం 330. మూడుతో భాగిస్తే ఒక్కో చక్రానికి 110 కిలోలు. 75 కిలోల చక్రం ఇక్కడ సగం దూరంలోనే బేరింగు పగలగొట్టుకుంటుంది. 110 అని లెక్క తేలితే 150 కిలోల చక్రం తీసుకోండి. చక్రాల ధరలో ఆదా చేయాలని చూడకండి. ఆ ఆదా మీ పాదం వేళ్ల మీద పడుతుంది.

6. నాలుగూ తిరిగేవి వద్దు, మెత్తనివి అసలే వద్దు

నాలుగు చక్రాలూ అన్ని వైపులా తిరిగేవైతే మిషన్ ఎటు కావాలంటే అటు వెళ్తుందని ఆశపడతాం. అటే వెళ్తుంది, మనం వద్దన్న వైపు కూడా. వాలు ఎటుంటే అటు జారుతుంది. ఇంకో సంగతి ఎక్కువమంది గమనించరు. తిరుగుడు చక్రం నేలను తాకే చోటు దాని పట్టీ మధ్యలో ఉండదు, కొంచెం పక్కకు ఉంటుంది. చక్రం లోపలికి తిరిగినప్పుడు ఆ తాకే చోటు కూడా లోపలికి జరుగుతుంది. ఇందాకటి బ్యాండ్ సాలో అది 40 మిల్లీమీటర్లు జరిగితే, ఒరగడానికి కావలసిన బలం 25 నుంచి 21 కిలోలకు పడిపోతుంది. మిషన్‌ను వెనక్కి లాగిన ప్రతిసారీ చక్రాలు తిరిగి ఇది జరుగుతుంది.

ఒక చివర రెండు తిరగని చక్రాలు, ఇంకో చివర రెండు తిరిగేవి పెట్టండి. తిరిగేవి ఉన్న వైపున చేతిపట్టు ఉండాలి, దిశ మీ చేతిలో ఉంటుంది. అడుగు భాగం వెడల్పుగా, పొట్టిగా ఉన్న మిషన్‌కు ముందు ఒకటే తిరుగుడు చక్రం పెట్టినా చాలు. మూడు చక్రాలు ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగవు. కానీ ఎత్తైన మిషన్‌కు మూడు చక్రాల పద్ధతి వాడకండి, ముందు మూలల మీదుగా ఒరిగిపోతుంది.

ఇక మెత్తని రబ్బరు చక్రం చూడటానికి బాగుంటుంది, శబ్దం చేయదు. కానీ బరువు కింద నెలల తరబడి నిలబడితే నేలను తాకే చోట చదునైపోతుంది. తర్వాత ప్రతి చుట్టుకూ ఎగురుతుంది. ఇనుప రజను, స్క్రూలు అందులో దిగబడతాయి. నైలాన్ తేలిగ్గా దొర్లుతుంది గానీ గట్టిగా శబ్దం చేస్తుంది, నునుపు బండల మీద జారుతుంది. బీడు ఇనుప చక్రం చుట్టూ పాలీయూరిథేన్ పట్టీ వేసినవి మన గచ్చులకు సరైనవి. బేరింగులున్నవే అడగండి, గ్రీజు నిపుల్ ఉంటే ఇంకా మంచిది.

7. బ్రేకును నమ్మకండి

చక్రాలకు బ్రేకులున్నాయి కదా, తొక్కితే ఆగిపోతుంది, దాని మీదే పని చేసుకోవచ్చని అందరూ అనుకుంటారు. బ్రేకు చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. తిరుగుడు పట్టీలో ఉండే సందు, రబ్బరులో ఉండే సాగుడు అలాగే ఉంటాయి. ప్లేనర్ బ్లేడు చెక్కను కొట్టిన ప్రతిసారీ మిషన్ వణుకుతుంది, ఆ వణుకు చెక్క మీద అలలుగా దిగుతుంది. మేస్త్రీలు చక్రాలను అసహ్యించుకోవడానికి అసలు కారణం ఇదే. వాళ్ల కోపం న్యాయమైనదే, అది చేరాల్సింది మాత్రం బ్రేకుకు.

రథోత్సవం రోజున తేరు ఆపేవాళ్లను గమనించండి. చక్రాన్ని చేత్తో పట్టరు. చక్రం ముందు చెక్క దిమ్మె వేస్తారు, బరువు దిమ్మె మీద పడుతుంది, తేరు ఆగుతుంది. మన మిషన్‌కూ అదే న్యాయం. పని చేస్తున్నంతసేపు బరువు చక్రాల మీద ఉండకూడదు, పాదాల మీద ఉండాలి.

ఫ్రేము నాలుగు మూలలా ఎం16 నట్లు అతికించి, వాటిలో బోల్టులు దింపండి. ఎం16 బోల్టు ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు దిగుతుంది. 24 నంబరు స్పానర్‌తో ఒక్కోదాన్ని మూడు చుట్లు తిప్పితే మిషన్ 6 మిల్లీమీటర్లు లేస్తుంది, చక్రాలు గాల్లో ఆడతాయి. లెవెలు కూడా అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. బోల్టు కింద మందపాటి ప్లేటు వేసి, దాని కింద రబ్బరు షీటు పెడితే బండ పగలదు. ఇలా నిలబెట్టిన మిషన్, మూలన బిగించినదానికి ఏమాత్రం తీసిపోని పని ఇస్తుంది.

8. లేత్‌కు నాలుగు కాళ్లు వద్దు, మూడు చాలు

లేత్‌ను కదిలిస్తే పనికిరాదని టర్నర్లు చెబుతారు. వాళ్లు చెప్పే కారణం నిజం. బెడ్ నాలుగు మూలల మీద కూర్చుని, నేల కాస్త వంకరైతే, బెడ్ కూడా కంటికి కనిపించనంతగా మెలితిరుగుతుంది. అప్పుడు కోసిన ముక్క ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా వస్తుంది. ప్రతిసారి లెవెలు చూసి, కాళ్ల కింద రేకులు పెట్టి ఆ మెలికను తీయాలి.

అయితే ఆ మెలిక రావడానికి కారణం చక్రం కాదు, నాలుగో కాలు. మూడు చోట్ల మాత్రమే ఆనిన బల్లను ఏ నేలా మెలితిప్పలేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం సిడ్నీలో తయారైన మోనార్క్ 10ఈఈ లేత్ పేరున్న సున్నితపు పనిముట్టు. దాని అడుగు మూడు చోట్లే నేలను తాకుతుంది. చిన్న లేత్ ఉన్నవాళ్లు దాని కింద బరువైన చానెల్‌తో వంగని ఫ్రేము ఒకటి చేయించి, బెడ్‌ను ఫ్రేముకు ఒక్కసారి లెవెలు చూసి బిగించండి. ఆ ఫ్రేము పని వేళ మూడు పాదాల మీద నిలబడాలి. హెడ్‌స్టాక్ వైపు రెండు, టెయిల్‌స్టాక్ వైపు ఒకటి. తర్వాత షెడ్డంతా తిప్పినా బెడ్‌కు, ఫ్రేముకు మధ్య ఉన్న సంబంధం చెదరదు. ఫ్రేము ఎంత మొండిగా ఉంటే ఈ సలహా అంత బాగా పని చేస్తుంది. ఇక్కడ ఇనుము పొదుపు చేయకండి.

9. పొడవాటి వైరు వద్దు, సాకెట్లు ఎక్కువ పెట్టించండి

మిషన్ కదులుతుంది కాబట్టి వైరు పొడవుగా ఉండాలనుకుంటాం. నేల మీద పాకే పొడవాటి వైరే షెడ్డులో అన్నింటికంటే పెద్ద శత్రువు. చక్రం దాని మీదుగా వెళ్తుంది, పైపొర నలుగుతుంది, ఒకరోజు లోపలి రాగి బయటికి వస్తుంది. వైరు పొట్టిగా ఉంచండి, మిషన్ వెళ్లే ప్రతిచోటా గోడకో పైకప్పుకో 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించండి. కదిలించే ముందు ప్లగ్ తీసి, వైరును మిషన్‌కే చుట్టేయండి.

ఎర్తింగ్ గురించి ఇంకొంచెం చెప్పాలి. నేలలో బోల్టు దించాం కదా, అదే ఎర్త్ అని కొందరు నమ్ముతారు. గచ్చులోని బోల్టు ఎర్త్ కాదు. పాలీయూరిథేన్ చక్రాల మీద నిలబడిన మిషన్‌కైతే ఆ భ్రమకు కూడా తావు లేదు. లోపల ఫేజు వైరు బాడీకి తగిలితే, ఎర్త్ వైరు తెగి ఉంటే, దారి ఇచ్చేది తాకిన మనిషే. సింగిల్ ఫేజు మిషన్‌కు మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ కేబుల్ వాడండి. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను నుంచి మిషన్ బాడీ వరకు దారి ఉందో లేదో నెలకోసారి మల్టీమీటర్‌తో చూడండి. షెడ్డు మొత్తానికి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.

త్రీ ఫేజు మిషన్లు ఉన్నవాళ్లు మరో విషయం మరవకండి. ఒక సాకెట్‌లో ఫేజులు అటూ ఇటూ మారి ఉంటే మోటారు వెనక్కి తిరుగుతుంది. అన్ని సాకెట్లలో వరస ఒకేలా ఉండేలా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. కొత్త సాకెట్‌కు తగిలించిన ప్రతిసారీ చెక్క పెట్టకముందే ఒక్క క్షణం ఆన్ చేసి, తిరిగే దిశ చూడండి.

10. పని లేకపోయినా కదిలించండి

అవసరం వచ్చినప్పుడు కదిలించుకుందామని వదిలేస్తే ఆ అవసరం వచ్చేసరికి చక్రాలు తుప్పు పట్టి ఉంటాయి. రోజూ సాయంత్రం షెడ్డు ఊడ్చే ముందు ప్రతి మిషన్‌నూ కనీసం ఒక మూర పక్కకు జరపండి. కింద ఏం పేరుకుందో కనిపిస్తుంది. రంపపు పొట్టు అక్కడ తేమ పట్టి ఉంటే చెద చేరుతుంది, ఎండిపోయి ఉంటే గ్రైండర్ నుంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు. నేలకు బిగించిన మిషన్ల కింద ఏళ్ల తరబడి ఊడవని పొట్టు చాలా షెడ్లలో ఉంది. వాటిని చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

వాస్తు చూసేవాళ్లు బరువైన వస్తువు నైరుతిలోనే ఉండాలంటారు. దానికీ ఈ పద్ధతి అడ్డు కాదు. రాత్రి నైరుతిలో ఉంచండి, పగలు పని ఉన్నచోటికి తెచ్చుకోండి.

వీటికి చక్రాలు కట్టకండి

చక్రాలు కట్టకూడనివీ ఉన్నాయి. కమ్మరి షెడ్డులోని పవర్ హ్యామర్, పెద్ద పవర్ ప్రెస్, కలప మిల్లులో దుంగలు కోసే పెద్ద బ్యాండ్ సా. వీటి దెబ్బను, లాగుడును మింగాల్సింది పునాదే. వాటిని వదిలేయండి. మధ్యస్థంగా ఉండి, పని చేసేటప్పుడు నేలకు బిగింపు తప్పనిసరి అయిన మిషన్ ఉంటే, నేలలో సమానంగా దిగిపోయే యాంకర్ ఫాస్టెనర్లు వేయించండి. బోల్టు తీసేస్తే నేల మీద రంధ్రం తప్ప ఏమీ మిగలదు, చక్రం దాని మీదుగా వెళ్లిపోతుంది. ఆ రంధ్రంలో పొట్టు నిండకుండా ఒక స్క్రూ మూత పెట్టండి.

కదిలించే వేళ పిల్లలు దగ్గర ఉండకూడదు, బ్లేడు పూర్తిగా ఆగి ఉండాలి. వాలు మీద మిషన్‌ను దింపేటప్పుడు దానికి కింది వైపు ఎవరూ నిలబడకూడదు, పైనుంచి తాడుతో పట్టాలి. మీరు ఒక్కరే ఉన్నప్పుడు వాలు మీద అసలు కదిలించకండి.

ఈ ఖర్చంతా ఎందుకని అడిగేవాళ్లకు రెండు మాటలు చెబుతాను. అద్దె షెడ్డు ఖాళీ చేయమని యజమాని చెప్పే రోజు చిన్న వర్క్‌షాపులకు తప్పదు. ఆ రోజు నేలలో గుంతలు పూడ్చి, మిషన్లను పైపుల మీద దొర్లించి, కూలీల కోసం వెతికేవాడికీ, ఉదయం వచ్చిన బండిలోకి ప్లేటు వాలు మీదుగా ఎక్కించేవాడికీ చాలా తేడా ఉంది. నీళ్లొచ్చే రోజు ఇంకా పెద్ద తేడా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో ఇళ్లలోకి, దుకాణాల్లోకి నీళ్లు వచ్చి రోజుల తరబడి నిలిచాయి. అలాంటి చోట ముందుగా ఒక గంట సమయం దొరికినా సరే, చక్రాలున్న మిషన్‌ను ఎత్తైన చోటికి చేర్చవచ్చు. బోల్టులతో బిగించినదాని మోటారు నీళ్లలోనే ఉండిపోతుంది.

అన్నింటికీ ఒకేసారి చేయించకండి. ఈ వారం షెడ్డులో నడుస్తూ, ఏ మిషన్ దగ్గర ఎక్కువసార్లు పక్కకు తప్పుకుని వెళ్తున్నారో, ఏ చెక్కను దాని వల్ల ముక్కలు చేసి కోస్తున్నారో చూడండి. మొదటి బేస్ దానికి. అలాంటివి రెండుంటే బరువైనదానికి. కొలతలు తీసుకుని, తూకం తెలుసుకుని, 330ని మూడుతో భాగించినట్టు మీ లెక్క మీరు భాగించి, వెల్డింగ్ షాపుకు వెళ్లండి. దాన్ని పక్కకు జరిపి, ఆ ఖాళీలో 8 అడుగుల షీటును అడ్డు లేకుండా కోసిన రోజున రెండో మిషన్‌కు చేయించాలా వద్దా అని ఎవరినీ అడగక్కర్లేదు.